పది వేలతో పోయే కేసు కాదు

రాత్రి పదిన్నరకు మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, కరకంబాడి రోడ్డులో ఆపినారు. మిషన్లో 74 వచ్చిండాది. ఎంత కట్టాలో కనుక్కో, ఫోన్‌పే కొట్టేస్తా." మాట తడబడటం లేదు కానీ గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

మాది తిరుపతి. ఆటో పట్టుకుని వెళ్ళాను. బ్యారికేడ్ల పక్కన పది మంది దాకా వరసలో ఉన్నారు. కానిస్టేబుల్ చేతిలో వాకీటాకీ అంత యంత్రం, తాగి నడిపేవాళ్ళను శ్వాసతో పట్టేది. మనిషి మారినప్పుడల్లా కవరు చించి కొత్త తెల్లగొట్టం తొడుగుతున్నాడు. "గట్టిగా ఊదు, ఆపొద్దు, ఇంకా, ఇంకా..." బీప్ వినిపించగానే తెర మీద అంకె, ఆ వెంటనే బస్సు టికెట్టంత చీటీ. మావాడి చీటీ మీద బండి నంబరు, టైము, వాటి కింద 74 అని ఉంది. "ఒక్క బీరే బావా, అమ్మ తోడు" అన్నాడు. నేను నమ్మలేదు. మర్నాడు కాగితం మీద లెక్క వేసుకున్నాక వాడు చెప్పింది నిజమేనని తెలిసింది. ఆ లెక్క కాసేపట్లో చెప్తాను.

వరసకు కొంచెం అవతల, రోడ్డంచు గట్టు మీద ఒక ట్రావెల్స్ కారు డ్రైవరు కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. "ఫైను ఎంతైనా కడతా సార్, లైసెన్సు మాత్రం తీసుకోవద్దండి" అని ఎస్సైని బతిమాలుతున్నాడు. మావాడికి తెలియని సంగతి ఆయనకు తెలుసు.

చలానా వేరు, ఇది వేరు

హెల్మెట్ లేకపోతే చలానా, సిగ్నల్ దాటితే చలానా. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, డబ్బు కడతాం, అక్కడితో ఆ వ్యవహారం ముగుస్తుంది. ఈ అలవాటు వల్లే తాగి నడపడం కూడా కాస్త పెద్ద చలానా అనుకుంటున్నాం. మోటారు వాహనాల చట్టం 1988లో 200వ సెక్షన్ ఉంది. ఏయే తప్పులకు కోర్టుకు వెళ్ళకుండా అధికారి దగ్గరే డబ్బు కట్టి రాజీపడవచ్చో అందులో జాబితా ఇచ్చారు. తాగి నడపడానికి సంబంధించిన 185వ సెక్షన్ ఆ జాబితాలో లేదు. కాబట్టి రోడ్డు మీద కట్టే ఫైను అంటూ దీనికి ఏదీ లేదు. శిక్ష వేయాల్సింది మేజిస్ట్రేటు ఒక్కరే. ఎవరైనా అక్కడే ఐదువేలు తీసుకుని పంపించేస్తే అది ఫైను కాదు, లంచం. ఇచ్చినవాడికీ అది ఇంకో నేరమే.

శిక్ష ఎంతంటే, మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే రెండేళ్ళ దాకా జైలు, లేదా 15 వేలు, లేదా రెండూ. ఇక్కడ "దాకా" అన్న మాట ఎక్కడుందో గమనించండి. జైలు విషయంలో ఉంది, జరిమానా విషయంలో లేదు. 2019 సెప్టెంబరు 1కి ముందు మొదటి తప్పుకు "రెండు వేల దాకా" అని ఉండేది. అప్పట్లో మేజిస్ట్రేటు అయిదు వందలతో వదిలేసినా చట్టం ఒప్పుకునేది. 2019 సవరణతో ఆ "దాకా" పోయింది. జరిమానా వేస్తే పది వేలే. పెళ్ళాం బిడ్డలున్నారని, జీతం పన్నెండు వేలే అని చెప్పుకున్నా ఆ అంకె తగ్గడానికి చట్టంలో దారి ఉంచలేదు.

ఇది కేంద్ర చట్టం. చిత్తూరు దాటి వేలూరు వైపు వెళ్ళినా, పలమనేరు దాటి కోలారు వైపు వెళ్ళినా అదే అంకె, అదే శిక్ష. మన ప్రాంతం మూడు రాష్ట్రాల కూడలి కాబట్టి "ఆ పక్క వేరే రూల్సు" అని చెప్పేవాళ్ళు చాలామంది తగులుతారు. వేరే రూల్సు ఏమీ లేవు. బండి ఏదన్న తేడా కూడా లేదు. స్కూటీ, ఆటో, ట్రాక్టరు, లారీ అన్నిటికీ ఒకటే లెక్క.

30 అంటే ఎంత

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. అది దాటితే నేరం. బండి వంకరగా పోయిందా, ఎవరినైనా గుద్దారా, మాట ముద్దగా వచ్చిందా అన్నది చూడరు. మత్తుమందుల విషయంలో మాత్రం చట్టం మరోలా ఉంది. అక్కడ అంకె లేదు, బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని రుజువు చేయాలి. మద్యానికి ఆ రుజువు అక్కర్లేదు, అంకె చాలు. "నేను స్టడీగానే ఉన్నా సార్" అనే మాట నిజమే అయినా కేసులో దానికి విలువ ఉండదు. పైగా నడిపి తీరాల్సిన పని కూడా లేదు, నడపడానికి ప్రయత్నించినా 185 కిందికే వస్తుంది.

యంత్రం కొలిచేది శ్వాసను, చట్టం చెప్పేది రక్తాన్ని. రెండింటికీ లంకె ఇలా ఉంటుంది. ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలి సుమారు 2,100 మిల్లీలీటర్లలో ఎంత ఆల్కహాలుంటుందో, ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అంతే ఉంటుంది. ఆ నిష్పత్తితో యంత్రం గుణించి అంకె చూపిస్తుంది. "ఆపొద్దు, ఇంకా ఊదు" అని అరిచేది అందుకే. నోటి పైపైన ఉన్న గాలి కాదు, లోపలి గాలి దానికి కావాలి. ఇందులో ఒక చిక్కుంది. గ్లాసు దించిన మరు నిమిషంలోనో, మౌత్‌వాష్ పుక్కిలించిన వెంటనేనో ఊదితే నోట్లో మిగిలిన ఆల్కహాలు వల్ల అంకె ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. పదిహేను ఇరవై నిమిషాలు ఆగితే అది పోతుంది. అలాంటి పరిస్థితే అయితే నోరు కడుక్కుని, కాసేపాగి మళ్ళీ ఊదుతానని మర్యాదగా అడగండి. ఒకటికి మించి నమూనాలు తీసుకోవచ్చని చట్టంలోనే రాసి ఉంది.

ఇప్పుడు మావాడి బీరు లెక్క. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. స్ట్రాంగు బీరులో ఎనిమిది శాతం దాకా ఆల్కహాలుంటుంది. అంటే ఒక్క సీసాలో 52 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలు, బరువులో 41 గ్రాములు. డెబ్బై కిలోల మగవాడి ఒంట్లో అది కలిస్తే రక్తంలో సుమారు 85 వస్తుంది. కాలేయం గంటకు సుమారు 15 చొప్పున తగ్గిస్తుంది. తాగి గంట కాకముందే పట్టుబడ్డాడు కాబట్టి 74. పాపం, ఒక్క బీరే.

విస్కీ, బ్రాందీ అయితే 30 మిల్లీలీటర్ల పెగ్గుకు సుమారు 20 పెరుగుతుందనుకోవచ్చు. రెండు చిన్న పెగ్గులకే 40, హద్దు దాటినట్టే. బరువు తక్కువున్నవాళ్ళకు, ఆడవాళ్ళకు ఇంకా ఎక్కువ వస్తుంది. ఖాళీ కడుపైతే తొందరగా ఎక్కుతుంది. కాబట్టి "ఎంత తాగితే 30 లోపు ఉంటుంది" అని అడిగేవాళ్ళకు నేను జవాబు చెప్పను. ఈ లెక్కలన్నీ సగటు మనిషివి, రోడ్డు మీద ఊదేది మీరు.

అంతకంటే ముఖ్యమైనది తెల్లవారుజాము లెక్క. క్వార్టరు, అంటే 180 మిల్లీలీటర్లు తాగినవాడికి 120 దాటుతుంది. రాత్రి పదకొండుకు ముగించి పడుకుని ఐదుకు లేచాడనుకుందాం. ఆరు గంటల్లో తగ్గేది 90. ఇంకా 30 చుట్టుపక్కలే ఉంది. నిద్రపోయాడు, స్నానం చేశాడు, కాఫీ తాగాడు, బొట్టు పెట్టుకున్నాడు, తనకు తాను మామూలుగా ఉన్నట్టే అనిపిస్తుంది. మన ఊళ్ళో ట్రావెల్స్ బండ్లు బయల్దేరేది సరిగ్గా ఆ వేళకే. రేణిగుంట విమానాశ్రయానికి, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి, కొండ మీదికి. వెనక సీట్లో ఎక్కడినుంచో వచ్చిన యాత్రికుల కుటుంబం, ఒళ్ళో నిద్రపోతున్న పిల్లలు. ఘాట్ రోడ్డు మలుపులో ఆ డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి పట్టే అర సెకను ఆలస్యం వాళ్ళకు తెలియదు, ఆయనకూ తెలియదు. మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, ఉల్లిపాయ, తమలపాకు ఇవేవీ కాలేయం వేగాన్ని పెంచవు. వాసన తగ్గుతుందేమో కానీ యంత్రం పట్టేది ఆల్కహాలును.

అలిపిరి దగ్గర జరిగే తనిఖీని దీంతో కలిపి మాట్లాడేవాళ్ళున్నారు. తిరుమల మీద మద్యం తాగడమే కాదు, తీసుకువెళ్ళడమే నిషేధం. ఆ సోదా అందుకోసం. ఘాట్ రోడ్డులో తాగి నడిపితే ఈ 185 దానికి అదనం.

ఊదనంటే?

అడగాల్సింది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, లేదా రవాణా శాఖ అధికారి. అనుమానానికి తగిన కారణం ఉండాలి. ఊదనని మొండికేస్తే వదిలేస్తారని ఒక నమ్మకం ఉంది, అది తప్పు. నిరాకరించి, తాగాడన్న అనుమానమూ ఉంటే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. సరైన కారణం లేకుండా నిరాకరించడమే తర్వాత కోర్టులో మీకు వ్యతిరేకంగా ఒక సాక్ష్యంలా నిలబడుతుంది.

మీ వైపు కూడా చట్టం కొన్ని రక్షణలు పెట్టింది. అరెస్టు చేస్తే రెండు గంటల లోపు వైద్య పరీక్ష జరిపించాలి, లేకపోతే విడిచిపెట్టాలి. స్టేషన్లో మళ్ళీ ఊదడానికి అవకాశం ఇవ్వాలి. రక్తం తీయాల్సి వస్తే రిజిస్టర్డ్ డాక్టరే తీయాలి, స్త్రీ అయితే మహిళా డాక్టరైనా తీయాలి, లేదా మరో స్త్రీ సమక్షంలోనైనా తీయాలి. ప్రమాదంలో దెబ్బలు తగిలి రుయాలోనో స్విమ్స్‌లోనో చేరి ఉంటే, చికిత్స చేస్తున్న డాక్టరు వద్దంటే పరీక్ష చేయకూడదు. ఇవి తప్పించుకోవడానికి ఇచ్చిన కిటుకులు కాదు, పరీక్ష సరిగా జరగాలని పెట్టినవి.

బండి సంగతి చాలామందిని భయపెడుతుంది. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు దీని మీద స్పష్టంగా చెప్పింది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని పట్టుకుని ఉంచేసుకోకూడదు. పక్కన తాగని మనిషి, లైసెన్సున్న మనిషి ఉంటే వాళ్ళకు ఇచ్చేయాలి. లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించి అప్పగించాలి. ఎవరూ రాకపోతే స్టేషన్లో భద్రంగా ఉంచి, తర్వాత ఆర్సీ, లైసెన్సు చూపిస్తే ఇవ్వాలి. అది పక్క రాష్ట్రం హైకోర్టు తీర్పు, మన దగ్గర తప్పనిసరిగా పాటించాల్సిన ఆజ్ఞ కాదు. కానీ కోర్టులో చూపించడానికి పనికొస్తుంది. మా విషయంలో ఆ వాదన అవసరం రాలేదు. నేను నా లైసెన్సు చూపించి, ఊది, సున్నా వచ్చాక మావాడి బైకు నాకే ఇచ్చారు.

లైసెన్సు పోవడానికి రెండు దారులు

ఆ ట్రావెల్స్ డ్రైవరు ఎందుకంత బతిమాలాడో ఇక్కడ తెలుస్తుంది. 2019 సవరణ ప్రకారం 185 కింద తప్పు చేశాడని నమ్మితే పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపాలి. అక్కడ మన వాదన విని, తప్పు చేశాడని తేలితే మొదటిసారి మూడు నెలలు నడపకుండా అనర్హుణ్ణి చేస్తారు. రెండోసారైతే లైసెన్సునే రద్దు చేస్తారు. ఇది మొదటి దారి, ఆఫీసు దారి.

రెండోది కోర్టు దారి, దీని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. 185 కింద నేరం రుజువైతే మేజిస్ట్రేటు జరిమానాతో ఆపకూడదు. కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుణ్ణి చేయాలని చట్టం 20వ సెక్షన్లో ఆదేశించింది. అంటే "పది వేలు కట్టి ఒప్పేసుకుంటే పోలా" అనుకునేవాడు ఆ ఒప్పుకోలుతో ఆరు నెలల డ్రైవింగు కూడా వదులుకుంటున్నాడు. ఆ గడువులో నడిపి దొరికితే మరో కేసు, మూడు నెలల దాకా జైలు లేదా ఇంకో పది వేలు, లేదా రెండూ.

ఆఫీసుకు వెళ్ళే మనిషికి ఆరు నెలలంటే ఇబ్బంది. బస్సులో వెళ్తాడు, ఎవరి వెనకో కూర్చుంటాడు. స్టీరింగే జీవనమైన మనిషికి ఆరు నెలలంటే పిల్లల ఫీజులు, చీటీ డబ్బు, ఇంటి అద్దె అన్నీ ఆగిపోవడం. ఈ ఊరు బతికేది యాత్రికుల రాకపోకల మీద. వాళ్ళను మోసే డ్రైవర్లకు రాత్రి ఒంటిగంటకు ట్రిప్పు దింపి, నాలుగింటికి ఇంకోటి ఎత్తుకోమనే ఓనర్లున్నారు. ఒళ్ళు నొప్పులకని ఒక గుక్క వేసుకుని పడుకునే అలవాటు అక్కడినుంచే మొదలవుతుంది. తాగినవాణ్ణి నేను సమర్థించను. కానీ ఆ డ్యూటీ వేసినవాడు మాత్రం ఏ వరసలోనూ నిలబడడని నాకు కడుపు మండుతుంది. చట్టంలో వాళ్ళకు కూడా ఒక సెక్షనుంది, 188. తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికి కూడా అదే శిక్ష. తాగి ఉన్నాడని తెలిసీ తాళం చేతికిస్తే ఓనరు మీద ఆ సెక్షన్ పెట్టవచ్చు. గంగ జాతరప్పుడు "అన్నా, ఒక్క రౌండు పోయొస్తా, బండి ఇయ్యి" అన్న కుర్రాడికి తాళం ఇచ్చే అన్నకూ ఇది వర్తించవచ్చు.

అసలు పెద్ద ఖర్చు

పది వేలు, ఆరు నెలలు కలిపినా చిన్నవే అనిపించేది ప్రమాదం జరిగినప్పుడు. ఇన్సూరెన్సు ఉంది కదా అనుకుంటాం. సొంత బండి డ్యామేజీకి తాగి నడిపితే పాలసీ పైసా ఇవ్వదు, షరతుల్లోనే ఉంటుంది. ఎదుటివాళ్ళకు ఇవ్వాల్సిన పరిహారం విషయంలో కూడా 2019 సవరణ కంపెనీ చేతికి ఒక కొత్త వాదన ఇచ్చింది. నడిపినవాడు 185 కింద తాగి ఉన్నాడని కంపెనీ వాదించవచ్చు. బాధితుడు వీధిన పడకుండా ముందు కంపెనీతో కట్టించి, ఆ సొమ్మును తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్ళు చెప్పడం కద్దు. చనిపోయిన మనిషికి ముప్పై ఏళ్ళుండి, నెలకు పాతిక వేలు సంపాదిస్తుంటే పరిహారం లక్షల్లోనే ఉంటుంది. ఆ లక్షలు ఓనరు పొలం మీదికో, ఇంటి మీదికో వస్తాయి.

"పోలీసులు ఊదించలేదు కాబట్టి తాగినట్టు రుజువు లేదు" అనే ధీమా కూడా చెల్లదు. ఢిల్లీలో 2007లో జరిగిన ఒక కారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. శ్వాస పరీక్షో రక్త పరీక్షో లేకపోయినా మిగతా సాక్ష్యాలతో తాగి నడిపాడని కంపెనీ నిరూపించవచ్చంది. అందులో కంపెనీయే గెలిచింది.

మనిషి చనిపోతే 185 చిన్న సెక్షన్ అయిపోతుంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి పాత ఐపీసీలో రెండేళ్ళ దాకా ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా పెరిగింది. అక్కడితో ఆగకపోవచ్చు. ముంబయిలో 2006లో తాగి కారు నడిపి, పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీల ప్రాణం తీసిన కేసులో "ఇది నిర్లక్ష్యం మాత్రమే కాదు, ప్రాణం పోవచ్చని తెలిసే చేసిన పని" అన్న వాదనను సుప్రీంకోర్టు 2012లో సమర్థించింది. ఇప్పుడు ఆ నేరం కొత్త చట్టంలో 105వ సెక్షన్ కిందికి వస్తుంది, పదేళ్ళ దాకా జైలు.

ఇవన్నీ ఆ రాత్రి బైకు మీద వెనక కూర్చున్న మావాడికి చెప్తూ ఇంటికి తీసుకొచ్చాను. సగం విన్నాడో లేదో తెలియదు. ఆ రాత్రి తను వెళ్ళొచ్చిన చంద్రగిరి పెళ్ళికి, అద్దెకు దొరికే యాక్టింగ్ డ్రైవర్ని పెట్టుకుని ఉంటే ఎంతయ్యేదో లెక్క కట్టాడు, నాలుగంకెలు దాటలేదు.

పొద్దున ఏడింటికి రేణిగుంట డ్యూటీకి తయారై బైకు తాళం అడిగాడు. రాత్రి 74 అప్పటికి సున్నాకు వచ్చేసి ఉంటుంది, ఆ సందేహం లేదు. "లైసెన్సేదిరా" అన్నాను. జేబులోంచి మడతపెట్టిన రసీదు తీసి చూపించాడు. "వాళ్ళు తీసుకుని ఇది ఇచ్చినారు బావా. ఇది చూపిస్తే చాలు గదా, లైసెన్సు కింద లెక్క."

కొన్ని తప్పులకు లైసెన్సు తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదుకు ఆ విలువ ఉంది, దానితో నడపవచ్చు. 185 కింద తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదుతో నడపడానికి లేదని, లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా ఆగాల్సిందేనని 206వ సెక్షన్లో విడిగా రాశారు. మేజిస్ట్రేటు ముందుకు ఇంకా వెళ్ళలేదు, శిక్ష ఇంకా పడలేదు, అయినా ఆ పొద్దుటి నుంచే వాడు బండి ముట్టకూడదు.

తాళం నా దగ్గరే ఉంచుకున్నాను. టిఫిన్ బాక్సు చేత్తో పట్టుకుని బస్టాండుకు నడిచి వెళ్ళాడు.